ఉటంకింపుల లెక్కలో ఒక అర్ధవాహక శాస్త్రజ్ఞుడు

2005వ సంవత్సరాంతమున, శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన హోర్హే హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీవారి పత్రికలో నాలుగు పుటల వ్యాసమొకటి ప్రకటించి, పరిశోధకుని జీవితకాలపు కృషినంతటిని ఒక్క అంకెలో ఇముడ్చు విధానమును సూచించి, మచ్చునకు కొందరు ప్రసిద్ధుల పేర్లకెదురుగా వారివారి అంకెలను వేసి చూపెను. శీర్షస్థానమున 110తో నిలిచినవాడు స్ట్రింగ్ సిద్ధాంతమున ప్రఖ్యాతుడైన ఎడ్వర్డ్ విటెన్. అతని వెనుక వచ్చువారిని చూచిన పాఠకునకు కొంత విస్మయము కలుగకపోదు. ప్లాస్టిక్కు వంటి పదార్థములచేత విద్యుత్తును వహింపజేసిన అలన్ హీగర్‌కు 107. సిలికాన్, జెర్మేనియంలలో ఎలక్ట్రానుల శక్తులు ఎట్లుండునో గణించి చూపిన మార్విన్ కోహెన్‌కు 94. స్ఫటికములను పొరపొరగా పెంచుటయందు సిద్ధహస్తుడైన ఆర్థర్ గొస్సార్డ్‌కు మరల 94. అర్ధవాహకములపై వెలుగును ప్రసరింపజేసి వాని అంతరంగమును చదువుటయే వ్రతముగా పెట్టుకొనిన మాన్యుయెల్ కార్డోనాకు 86. కృష్ణబిలములను గూర్చి వ్రాసి లోకమెల్ల ఎరిగిన స్టీఫెన్ హాకింగ్‌కు ఆ పట్టికలో లభించినది 62 మాత్రమే.

హిర్ష్ చెప్పిన గణన పద్ధతి బాలురకును సుబోధమైనది. ఒకని పరిశోధన పత్రములను, వానిని ఇతరులు ఎన్నిమారులు ఉటంకించిరో ఆ సంఖ్యనుబట్టి, హెచ్చునుండి తగ్గుకు వరుసగా పేర్చవలెను. పిదప పైనుండి లెక్కించుచు, పత్రపు వరుససంఖ్య దాని ఉటంకింపుల సంఖ్యను దాటకుండ ఎంతవరకు పోవునో అచ్చట ఆగవలెను. కార్డోనా విషయమున 86 అనగా, తక్కువలో తక్కువ 86 మారులు ఉటంకింపబడిన పత్రములు అతనికి 86 కలవని అర్థము. దీనిని హెచ్-సూచిక యందురు. మొత్తము ఉటంకింపుల సంఖ్య సామాన్యముగా ఈ సూచిక వర్గమునకు మూడింతలనుండి ఐదింతలవరకు ఉండునని హిర్ష్ గమనించెను. ఆ లెక్కను కార్డోనాకు అన్వయించినచో, అప్పటికి అతని పనిని లోకము ఇరువదిరెండు వేలకును ముప్పదియేడు వేలకును నడుమ ఎన్నియోమారులు పేర్కొనియుండవలెనని తేలును.

ఈ లెక్కలకు మూలమైన ఉటంకింపుల సూచిని కల్పించినవాడు ఫిలడెల్ఫియాకు చెందిన యూజీన్ గార్ఫీల్డ్. అమెరికా న్యాయవాదులు ఒక పాత తీర్పును తరువాతి తీర్పులలో ఎవరెవరు ఆధారముగా గొనిరో, ఎవరు త్రోసిపుచ్చిరో తెలిసికొనుటకై 1873 నుండియు షెపర్డ్ సూచి అను గ్రంథమును వాడుచుండిరి. ఆ యుక్తిని విజ్ఞానశాస్త్రమునకు మార్చుకొనవచ్చునని గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించి, 1964 నుండి అచ్చువేయించి అమ్మసాగెను. అతని మొదటి ఉద్దేశము గ్రంథాలయమున దారి చూపు సాధనము నొకదానిని సమకూర్చుటయే. ఆ సాధనము నియామకములకును, పదోన్నతులకును, విశ్వవిద్యాలయముల ర్యాంకులకును కొలబద్దగా మారుటకు రెండు తరములైనను పట్టలేదు. నేడు మన విశ్వవిద్యాలయములలో ఆచార్యపదవికి దరఖాస్తు పెట్టు యువకుడు తన పత్రముల సారాంశముకంటె ముందుగా తన హెచ్-సూచికను వ్రాయుట మనము చూచుచునే యున్నాము. కనుక ఒక్క మనుష్యుని విషయమున ఆ అంకెలోనికి ఏయే పనులు ఎట్లెట్లు ప్రవేశించినవో విప్పి చూచుట అనుచితము కాబోదు. అందులకు కార్డోనాకంటె తగినవాడు దొరకడు. ఏలయన పదవీ విరమణానంతరము ఉటంకింపుల శాస్త్రమునే తన రెండవ వ్యాసంగముగా చేసికొనిన అర్ధవాహక శాస్త్రజ్ఞుడు అతడు.

కార్డోనా 1934లో బార్సెలోనా నగరమున పుట్టి, అచ్చటనే పట్టభద్రుడై, హార్వర్డు విశ్వవిద్యాలయమున విలియం పాల్ అను ఆచార్యునికడ 1959లో డాక్టరేటు పొందెను. జ్యూరిచ్ నందును ప్రిన్స్‌టన్ నందును ఆర్‌సీఏ కంపెనీ ప్రయోగశాలలలో కొన్నియేండ్లు, బ్రౌన్ విశ్వవిద్యాలయమున మరికొన్నియేండ్లు గడపి, 1971లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమున నూతనముగా వెలసిన మాక్స్ ప్లాంక్ ఘనస్థితి పరిశోధన సంస్థకు సంస్థాపక సంచాలకులలో ఒకడై చేరి, 2000లో విరమించి, 2014లో అక్కడనే కన్నుమూసెను. అతని పేరిట వెలువడిన పత్రములు పదమూడువందలకు పైబడినవి. అర్ధశతాబ్దికి మించిన కాలముపై పంచినచో నెలకు రెండు పత్రములు! ఇది ఒక్కని లేఖిని వలన అయిన పనియని ఎవరును భ్రమపడరాదు. స్పెయిన్ నుండి, లాటిన్ అమెరికా నుండి, భారతదేశమునుండి వచ్చి ఆ ప్రయోగశాలలో కొన్నాళ్ళుండిపోయిన విద్యార్థుల, అతిథుల పరిశ్రమ అందు పొదిగియున్నది. హెచ్-సూచిక ఈ భాగస్వామ్యమును విడదీయదు. ఇరువురు వ్రాసిన పత్రము ఇరువురికిని నిండుగనే లెక్కకు వచ్చును. అట్లని అది ఎల్లప్పుడును అన్యాయమే చేయునని చెప్పజాలము. పాక్షిక క్వాంటమ్ హాల్ ఫలితమును కనుగొనిన 1982 నాటి పత్రమున మూడు పేర్లుండగా, ఇద్దరికి నోబెల్ బహుమానము లభించి, ఏ స్ఫటికము లేనిచో ఆ ప్రయోగమే జరుగకుండెడిదో ఆ స్ఫటికమును పెంచిన గొస్సార్డ్‌కు లభింపలేదు. నోబెల్ సంఘము మరచిన ఆ చేతిపనివానిని హిర్ష్ పట్టిక నాలుగుస్థానముల లోపల నిలిపినది.

ఇక పదార్థములోనికి పోదము. గోలకొండ సీమలో దొరికిన వజ్రమునందు కర్బన పరమాణువులు ఏ క్రమమున పేరియున్నవో, సిలికాన్, జెర్మేనియం స్ఫటికములలోను ఆయా పరమాణువులు సరిగా అదే క్రమమున పేరియున్నవి. అయినను వజ్రము స్వచ్ఛమైన నీటిచుక్కవలె వెలుగును దాటనిచ్చును. సిలికాన్ లోహమువలె బూడిదవన్నెతో మెరయుచు దృశ్యకాంతిని అడ్డగించును. భేదమునకు హేతువు శక్త్యంతరము. ఘనపదార్థమున ఎలక్ట్రానులకు కొన్ని శక్తులు అనుమతింపబడి, కొన్ని నిషేధింపబడినవి; పరమాణువులను బంధించు ఎలక్ట్రానులు నిలుచు వేలన్సీ పట్టికిని, విద్యుత్ప్రవాహమునకు స్వేచ్ఛగల వహన పట్టికిని నడుమ ఏ ఎలక్ట్రానును నిలువలేని యెడమున్నది. ఆ యెడము గదిలోని ఉష్ణోగ్రత వద్ద జెర్మేనియంకు 0.66, సిలికాన్‌కు 1.12, గాలియం ఆర్సెనైడ్‌కు 1.42, వజ్రమునకు సుమారు 5.5 ఎలక్ట్రాన్ వోల్టులు. దృశ్యకాంతి కణముల శక్తి సుమారు 1.7 నుండి 3.1 ఎలక్ట్రాన్ వోల్టులవరకు ఉండుటచేత, సిలికాన్‌లోని ఎలక్ట్రాను దానిని మ్రింగి పైకెగయగలదు, వజ్రములోనిది ఎగయలేదు. దీపమేది, సౌరఫలకమేది, లేసరేది ఏ రంగున పనిచేయునో నిర్ణయించునది ఈ యొక్క రాశియే.

అయితే స్ఫటికము ఈ ఒక్క యెడముతో నిండినది కాదు. దానికి పైని, ఎలక్ట్రాను ఏ దిశలో ఎంత వేగమున చలించుచున్నదో దానినిబట్టి మారు అనేక అంతరములు కలవు. సాధారణముగా స్ఫటికమునుండి పరావర్తితమైన వెలుగును కొలిచినచో, ఇవన్నియు ఒకదానిలో నొకటి కలిసిపోయి, గుట్టలవంటి మందమైన వక్రరేఖ మాత్రము కానవచ్చును. 1960ల నడుమ కొందరు ప్రయోగశీలురు దీనికొక తరుణోపాయమును కనుగొనిరి. దానిని శాస్త్రముగా తీర్చిదిద్దినవారిలో కార్డోనా అగ్రగణ్యుడు. స్ఫటికమునకు ఒక స్వల్పమైన విద్యుత్ క్షేత్రమును లయబద్ధముగా పెట్టుచు తీయుచు, పరావర్తిత కాంతిలో అదే లయలో మారు భాగమును మాత్రమే కొలుచుట ఆ యుపాయము. తిరునాళ్ళ జనసమ్మర్దమున మనవానిని పోల్చుకొనలేము. వాడు చేతిగుడ్డను లెక్కగా ఊపుచుండునేని దూరమునుండియే పట్టుకొనగలము. ఈ విధమున శక్త్యంతరములున్న స్థానములు తప్ప తక్కిన సంచలనములేని నేపథ్యమంతయు మాయమై, గుట్టల స్థానమున సూదిమొనలవంటి రేఖలు నిలిచినవి. స్ఫటికమును విద్యుద్విశ్లేష్య ద్రావణమున ముంచినచో అత్యల్పమైన వోల్టేజి చేతనే ఉపరితలమున ప్రబలమైన క్షేత్రము కలుగునని కార్డోనా బృందము 1967లో చూపి, ఖరీదైన సాధనములు లేని ప్రయోగశాలలకును ఈ విద్యను అందుబాటులోనికి తెచ్చినది. 1969లో అతడు వ్రాసిన మాడ్యులేషన్ వర్ణపటశాస్త్ర గ్రంథము చాలకాలము ఈ మార్గమున నడచువారి చేతిపుస్తకమై యుండెను. ఎక్కువ ఉటంకింపులు పొందు పనులలో ఒక జాతి ఇది: ఇతరులు తమ స్ఫటికముపై ప్రయోగించుకొనదగిన పద్ధతి.

రెండవ జాతిని చూపుటకు కార్డోనాను ఒక క్షణము విడిచి, అతనికి సమకాలికుడును, ఉటంకింపుల చరిత్రలో అతనికి సరిగా విరుద్ధమైన దృష్టాంతమును అగు మరియొకని కడకు పోవలెను. అలహాబాదు విశ్వవిద్యాలయమున చదివి, కెనడాలోని ఒట్టావా విశ్వవిద్యాలయమున స్థిరపడిన వై. పి. వార్ష్ణి 1967లో ‘ఫిజికా’ పత్రిక 34వ సంపుటమున 149 నుండి 154 వరకు, అనగా ఆరు పుటలలో, ఏకాకిగా ఒక పత్రమును ప్రకటించెను. అర్ధవాహకమును వేడిచేసినచో దాని శక్త్యంతరము ఎట్లు తగ్గునో చెప్పు సూత్రము అందున్నది. సూత్రము ఇంతమాత్రమే: పరమశూన్య ఉష్ణోగ్రత వద్దనున్న అంతరమునుండి, ఆల్ఫాను ఉష్ణోగ్రత వర్గముచే గుణించి, ఆ లబ్ధమును ఉష్ణోగ్రతయు బీటాయు కూడిన మొత్తముచే భాగించగా వచ్చినదానిని తీసివేయవలెను. ఆల్ఫా, బీటాలు ఆయా పదార్థమునకు కొలతలనుండి తీసికొనవలసిన స్థిరాంకములు. స్ఫటికమునందలి పరమాణువుల కంపనములు వేడితోపాటు హెచ్చి ఎలక్ట్రాను శక్తులను కదలించుటయు, స్ఫటికము వ్యాకోచించుటయు ఈ తగ్గుదలకు కారణములు. వీనిలో మొదటిది ప్రబలము. అధిక ఉష్ణోగ్రతల వద్ద తగ్గుదల సరళరేఖవలె నుండవలెననియు, అల్ప ఉష్ణోగ్రతల వద్ద మందగింపవలెననియు తెలిసియున్నది. ఆ రెంటిని ఒక్కచోట అతుకు వక్రరేఖను వార్ష్ణి ఎన్నుకొనెను. మూలసూత్రములనుండి నిష్పన్నమైనదని అతడును చెప్పలేదు.

ఆ ఆరు పుటలు ఆనాటినుండి నేటివరకు వేలకొలది పత్రములలో ఉటంకింపబడినవి. క్రొత్త అర్ధవాహకమును తయారుచేసినవాడెవడైనను దానిని చల్లార్చి, అది వెలువరించు కాంతిని కొలిచి, రంగు ఉష్ణోగ్రతతో ఎట్లు జరిగినదో గీతగీసి, ఆ గీతకు ఈ సూత్రమును తొడుగక మానడు. హెచ్-సూచిక దృష్టిలో మాత్రము ఈ వేల ఉటంకింపులు వార్ష్ణి అంకెకు కలిపినది ఒక్కటి! కార్డోనా 86 పత్రములలో అట్టడుగుదానికి ఎంత విలువయో దీనికిని అంతే. విచిత్రమేమనగా ఈ వార్ష్ణియే 1976లో, క్వాసారుల వర్ణపటములలోని ఎరుపు విస్థాపనను దూరసూచకముగా గ్రహించినచో భూమి విశ్వకేంద్రమని ఒప్పుకొనవలసివచ్చునని వాదించి, ఖగోళశాస్త్రజ్ఞులచేత కాదనిపించుకొనెను. ఒకే కలమునుండి వెలువడిన రెండు వాదములలో ఏది లోకమునకు పనికివచ్చునో వ్రాయువానికి ముందుగా తెలియదు.

సూత్రము లోపరహితము కాదు. వజ్రమునకు దానిని తొడిగినప్పుడు ఆల్ఫా, బీటాలు రెండును ఋణసంఖ్యలుగా వచ్చినవి; బీటా విలువ మైనస్ 1437 కావున, ఉష్ణోగ్రత 1437 కెల్విన్‌ల కెగబ్రాకిన క్షణమున హారము శూన్యమై, వజ్రపు శక్త్యంతరము అనంతముగా కూలిపోవలసియుండును. వజ్రము అట్టి యాత్మహత్యకు పాల్పడదు. అల్ప ఉష్ణోగ్రతల వద్ద అది చెప్పు వర్గనియమమును సంశయాస్పదమే. కార్డోనా బృందము 1984లో జెర్మేనియంపై చేసిన కొలతలను వివరించుచు, దీనికి బదులుగా బోస్-ఐన్‌స్టైన్ గణాంకముపై ఆధారపడిన వేరొక సూత్రమును వాడినది. అందు స్ఫటిక కంపనముల సగటు శక్తి స్పష్టముగా ప్రవేశించును. స్థిరాంకములకు భౌతికార్థము కలదు. న్యాయముగా చూచినచో పాత సూత్రము అంతటితో అంతరింపవలసినది. అది అంతరింపలేదు; రెండును పక్కపక్కన ఉటంకింపబడుచు నేటికిని సాగుచున్నవి. గది ఉష్ణోగ్రత పరిసరములలో రెండును దాదాపు ఒకే సమాధానమిచ్చునపుడు, యంత్రముముందు కూర్చున్నవాడు చేతికి అలవాటైనదానిని వదలుకొనడు.

కార్డోనా కృషిలో, నా దృష్టికి, అత్యంత రమణీయమైన భాగము ఇంతకన్న నిగూఢమైనది. పరమశూన్య ఉష్ణోగ్రత వద్ద కంపనములు ఆగిపోవునని పాత భౌతికశాస్త్రము తలంచెను. క్వాంటమ్ సిద్ధాంతము ప్రకారము అచ్చటను పరమాణువులు నిశ్చలముగా ఉండజాలవు, శూన్యబిందు చలనము మిగిలియే యుండును. వేడివలని కంపనము శక్త్యంతరమును తగ్గించినచో, ఈ మిగులు చలనమును తగ్గింపవలెను కదా! ఎంత తగ్గించినదో కొలుచుటెట్లు? చలనమును ఆపి చూచుట ఎవరికిని సాధ్యము కాదు. దీనికి అతడు అవలంబించిన మార్గము పరమాణువుల బరువును మార్చుట. ప్రకృతిలో దొరకు జెర్మేనియం 70, 72, 73, 74, 76 ద్రవ్యసంఖ్యలుగల ఐదు ఐసోటోపుల మిశ్రమము. రసాయనికముగా ఇవన్నియు ఒక్కటే. బరువైన పరమాణువు మాత్రము తేలికదానికంటె కొంచెము మందముగా, కొంచెము తక్కువ విస్తృతితో కంపించును. సోవియట్ యూనియన్‌లో అణుకార్యక్రమములకై నిర్మితమైన యంత్రములచే వేరుచేయబడిన ఐసోటోపులు 1990ల ప్రాంతమున పరిశోధకులకు లభ్యములు కాగా, బర్క్‌లీలోని యూజీన్ హాలర్ వంటివారు వానినుండి నిర్మలమైన స్ఫటికములను పెంచగా, స్టుట్‌గార్ట్‌లో వానిపై వెలుగు ప్రసరించినది.

70 బరువుగల జెర్మేనియంకును 76 బరువుగలదానికిని శక్త్యంతరమున కనుగొనబడిన తేడా రెండు మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల పరిమాణము. అనగా మొత్తము అంతరములో మూడువందలవ వంతునకు దాపు. ఇంత స్వల్పమైన తేడానుండి ఎంత పెద్ద నిర్ణయము వెలువడెనో చూడుడు. శూన్యబిందు చలన ప్రభావము ద్రవ్యరాశి వర్గమూలమునకు విలోమముగా నుండునని సిద్ధాంతము చెప్పును. కనుక ఆరు ప్రమాణముల బరువునకు కలిగిన మార్పునుబట్టి, బరువు అనంతమైనచో, అనగా చలనము పూర్తిగా ఆగినచో, అంతరము ఎంత యుండెడిదో గణింపవచ్చును. జెర్మేనియంకు ఆ లెక్క 50 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడి తేలినది. ప్రతి స్ఫటికమును తన చలనముచేత తనలోనుండియే కొంత శక్త్యంతరమును తరుగగొట్టుకొనుచున్నదన్నమాట. పరమాణువు తేలికయైనకొలది తరుగు హెచ్చు. వజ్రమున అది 0.3 ఎలక్ట్రాన్ వోల్టులను మించునని కార్డోనా వాదించెను. చాలమంది గణనకారులు స్ఫటికమును నిశ్చలమైన పరమాణువుల పేర్పుగా భావించి వేసిన లెక్కలలో ఈ పద్దు చేరియుండలేదు. 2010లో ఫెలిచియానో జ్యుస్టినో, స్టీవెన్ లూయీ, మార్విన్ కోహెన్‌లు మూలసూత్రములనుండి గణించి, వజ్రపు ప్రత్యక్షాంతరమునకు ఈ తరుగు 0.6 ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతమున నుండునని చూపుటతో, పెద్దాయన మాట ఊహకంటెను బలమైనదని తేలిపోయెను.

ఆ ఐసోటోపు స్ఫటికములే వార్ష్ణి వర్గనియమమునకు తుది పరీక్షను పెట్టినవి. సహజ సిలికాన్‌లో 28, 29, 30 బరువుల పరమాణువులు చెల్లాచెదరుగా ఉండుటచేత దాని వర్ణరేఖలు కొంత వెడల్పై యుండును. 28వ ఐసోటోపును మాత్రమే ఏరి చేసిన సిలికాన్‌లో రేఖలు వెంట్రుకవలె సన్నగిల్లి, అతిసూక్ష్మమైన స్థానభ్రంశమును గూడ కొలుచుటకు వీలైనది. కార్డోనా, మేయర్, కెనడాలోని మైఖేల్ థివాల్ట్ కలిసి 2004లో దానిని కొన్ని కెల్విన్‌ల చలిలో పరీక్షింపగా, శక్త్యంతరము ఉష్ణోగ్రత వర్గమునుబట్టి కాక నాలుగవ ఘాతమునుబట్టి తగ్గుచున్నట్లు కనబడెను. స్ఫటిక కంపనముల మొత్తము శక్తి అంతటి చలిలో నాలుగవ ఘాతముననే పెరుగునని డెబాయ్ చాలకాలము క్రిందటనే చెప్పియుండెను. అప్పటికి కార్డోనా వయస్సు డెబ్బదికి చేరువ, విరమించి నాలుగేండ్లైనది. ఈ శూన్యబిందు పత్రములు సూత్రమునో యంత్రపద్ధతినో ఇచ్చునవి కావు. ఒక భావనను సరిదిద్దునవి. అట్టివానికి ఉటంకింపులు ఎప్పుడును చేతిపనిముట్టుకు వచ్చినంత రావు.

కొన్నింటికి వచ్చును గాని బహుకాలమునకు వచ్చును. కార్డోనాతోపాటు ఆ సంస్థకు సంస్థాపక సంచాలకుడైన హాన్స్ యోకిమ్ క్వైసర్, యౌవనమున అమెరికాలో ట్రాన్సిస్టరు సృష్టికర్తలలో నొకడైన విలియం షాక్లీవద్ద పనిచేయుచు, 1961లో అతనితో కూడి సౌరఘటము ఎంతవరకు సూర్యకాంతిని విద్యుత్తుగా మార్చగలదో దాని పరమావధిని నిర్ణయించెను. 1.1 ఎలక్ట్రాన్ వోల్టుల అంతరముగల ఒకే సంధికి ఆ పరిమితి 30 శాతము. నేడు సౌరఘటమును గూర్చి వ్రాయువాడు షాక్లీ-క్వైసర్ పరిమితిని ప్రస్తావింపని పుటలేదు. అయినను ఆ పత్రము దశాబ్దములపాటు ఇంచుమించు ఎవరును పలుకరింపనిదై పడియుండెను. ఇట్లు దీర్ఘనిద్రానంతరము మేల్కాంచు పత్రములను ఉటంకింపు శాస్త్రజ్ఞులు నిద్రాసుందరులని పిలుతురు. ఆ సంస్థ గ్రంథసమాచార విభాగమున పనిచేసిన వెర్నర్ మార్క్స్, ఈ పత్రమును అట్టి నిద్రాసుందరికి ఉత్తమోదాహరణముగా 2014లో విశ్లేషించెను. ఈ మార్క్స్‌తోడనే కార్డోనా విరామకాలపు వ్యాసంగము సాగినది.

వారిరువురును కలిసి తడవిన ప్రశ్నలలో ఒకటి మనకు సన్నిహితమైనది. పత్రము చివరనుండు పట్టికలో పేరు వ్రాసిన లెక్కకు వచ్చును. పాఠమున పేరు మాత్రము చెప్పి ఊరకుండిన రాదు. రామన్, కృష్ణన్‌లు 1928 మార్చి 31న ‘నేచర్’ పత్రికలో అచ్చొత్తించిన లేఖను నేడు ఎందరు ఉటంకించుచున్నారు? రామన్ వర్ణపటమను మాటను ఎందరు పలుకుచున్నారు? రెంటికి నడుమనున్న అగాధమును గ్రంథసూచులు చూడజాలవు. ఒక ఆవిష్కారము శాస్త్రపు నిత్యభాషలో కలిసిపోయి, ఆవిష్కర్తను ఉటంకించు నవసరమే లోపించు ఈ స్థితిని సమాజశాస్త్రజ్ఞుడైన రాబర్ట్ మెర్టన్ ఎన్నడో గుర్తించెను. కార్డోనా తన జీవితమున సగము రామన్ పరిక్షేపణముతోనే గడపినవాడు. సిలికాన్‌కు సెంటీమీటరునకు 520, జెర్మేనియంకు 300, వజ్రమునకు 1332 తరంగముల వద్ద నిలుచు రేఖలు అతనికి బంధువులవంటివి. బాల్యమున విశాఖపట్టణపు పాఠశాలలో చదివిన రామన్ పేరు ఆ విధమున అతని పత్రములలో వందలకొలది చోటుల, పట్టికకెక్కకుండ, నిలిచియున్నది.

పేరుకూడ నిలువని పని మరియొకటి కలదు. ఆ మూడు స్ఫటికములలోను మొదటి శ్రేణి రామన్ రేఖ ఒక్కటియే ఎందులకుండవలెను? యూనిట్ కణమున రెండు పరమాణువులుండుటచేత ఆరు కంపన రీతులు కలుగును. మూడు ధ్వనివలె స్ఫటికమంతటిని ఊపును. తక్కిన మూడు సౌష్ఠవమువలన సమశక్తికములై ఒకే రేఖగా కనబడును. అవి రామన్ కాంతికి లోబడును, పరారుణమునకు లోబడవు. సమూహ సిద్ధాంతము చేసిపెట్టు ఈ లెక్కను భౌతికశాస్త్ర విద్యార్థులకు సుబోధమొనర్చిన తొలి గ్రంథములలో, ఆంధ్ర విశ్వవిద్యాలయాచార్యులు సూరి భగవంతంగారును, టి. వెంకటరాయుడుగారును వ్రాయగా వాల్తేరున 1948లో అచ్చైన పుస్తకము ఒకటి. ఏ రీతి కానవచ్చును, ఏది రాదు అను పట్టికలు నేడు కంప్యూటరు ఒక్క మీటతో ఇచ్చుచున్నది. వానివెనుక ఎవరి పుస్తకమున్నదో అడుగువాడు లేడు.

వార్ష్ణి సూత్రమునకును ఇట్టి పరిణామమే మరియొక వింత రూపమున సంభవించినది. 1967 నాటి పత్రమున గాలియం ఆర్సెనైడ్‌కు అతడిచ్చిన విలువలు: శూన్యాంతరము 1.5216 ఎలక్ట్రాన్ వోల్టులు, ఆల్ఫా కెల్విన్‌కు 0.8871 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు, బీటా 572 కెల్విన్‌లు. 1975లో థర్మండ్ మంచి కొలతలను పరిశీలించి వీనిని 1.519, 0.5405, 204 అని మార్చెను. వుర్గాఫ్ట్‌మన్, మేయర్, రామ్‌మోహన్‌లు 2001లో ఈ జాతి పదార్థములన్నింటి స్థిరాంకములను ఒక్కచోట కూర్చి ప్రకటించిన బృహత్సంకలనమున వార్ష్ణి స్థిరాంకములను శీర్షికక్రింద థర్మండ్ విలువలే చేరినవి. ఆ సంకలనము స్వయముగా వేలకొలది ఉటంకింపులు గడించినది. గది ఉష్ణోగ్రతయగు 300 కెల్విన్‌ల వద్ద పాత స్థిరాంకములు గాలియం ఆర్సెనైడ్‌కు 1.430 ఎలక్ట్రాన్ వోల్టులనియు, క్రొత్తవి 1.4225 అనియు చెప్పును; కాంతి తరంగదైర్ఘ్యమున ఆ భేదము ఇంచుమించు నాలుగున్నర నానోమీటర్లు. పరారుణ లేసరును రూపొందించువానికి అది ఉపేక్షింపదగినది కాదు కనుక, అతడు 2001 సంకలనమునుండి అంకెలు గైకొని దానిని ఉటంకించును. సూత్రము పేరు వార్ష్ణిది కాబట్టి, తాను అంకెలకై తెరువని 1967 నాటి ఆరు పుటలనుగూడ, పత్రికవారు పట్టికకు చోటిచ్చినచో, చేర్చును. నడుమనున్న థర్మండ్‌ను చాలమంది చేర్చరు.